బిల్లుపై ధర ఉంది.. మోతాదు ఏదీ?

మండల కేంద్రాల్లోని మందుల దుకాణాల్లో సైతం నేడు కంప్యూటర్ బిల్లు సాధారణమైంది. మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ధర, పన్ను.. అన్నీ అందులో ఉంటాయి. ఆ మందును ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్లు వాడాలన్నది మాత్రం చాలా బిల్లుల్లో కనిపించదు. దుకాణంలో నోటిమాటగా చెప్పిందే రోగికి ఆధారం. లేదంటే మాత్రల అట్టపై పెన్నుతో గీసిన రెండు గీతలు. గీతలు చెరిగిపోవచ్చు, మాట మరుపున పడవచ్చు. సరుకు లెక్కకు పనికొస్తున్న కంప్యూటర్ రోగి భద్రతకు ఎందుకు పనికిరావడం లేదన్నదే ప్రశ్న.

పొడి అక్షరాలతో చిక్కు

చీటీపై వైద్యులు రాసే ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు. ఇవి లాటిన్ మాటలకు పొడి రూపాలు. కంటి వైద్యంలో అదే ఓడీకి కుడికన్ను అని అర్థం. అంకెలతోనూ ముప్పు ఉంది. ముందు సున్నా లేకుండా .5 అని రాస్తే 5గా, 1.0 అని రాస్తే 10గా పొరబడే వీలుంది. వీటిని సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవి ఉన్నట్లే ఎక్కిస్తే పొరపాటు అచ్చులోకి చేరుతుంది. చేతిరాతను అనుమానించేవారు కూడా అచ్చయిన మాటను నమ్ముతారు.

వారానికా.. రోజూనా?

కీళ్లవాతం, సోరియాసిస్‌లకు మెథోట్రెక్సేట్ మాత్రను వారానికి ఒకసారే వాడాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోటిపూత, రక్తకణాలు పడిపోవడం మొదలుకొని ప్రాణాపాయం వరకు వెళుతుంది. పలు దేశాల్లో ఇలా మరణాలు సంభవించాయి. దీంతో 2019లో ఐరోపా ఔషధ సంస్థ కొత్త జాగ్రత్తలను సిఫార్సు చేసింది. అమెరికాలో మందుల భద్రతపై పనిచేసే ఐఎస్ఎంపీ సంస్థ, ఈ మందు ఎంచుకోగానే సాఫ్ట్‌వేర్‌లో 'వారానికి ఒకసారి' అని దానంతటదే రావాలని సూచించింది. మన దుకాణాల్లోనూ ఏ వారమో చేర్చి 'ప్రతి సోమవారం మాత్రమే' అని ముద్రిస్తే సందేహానికి తావుండదు.

పసిపిల్లల జ్వరం మందుదీ ఇదే తీరు. పారాసెటమాల్ సిరప్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. లేదా 250 మి.గ్రా. మందు ఉంటుంది. చుక్కల మందులో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. చుక్కల మందును సిరప్ అనుకొని 5 మి.లీ. పోస్తే బిడ్డకు 500 మి.గ్రా. అందుతుంది. 'ఒక చెంచా' అన్న సూచన ఇక్కడ ప్రమాదకరం. మి.లీ.ల లెక్కే రాయాలి.

నిబంధనలు ఏమంటున్నాయి?

చీటీలో మోతాదు తప్పనిసరిగా ఉండాలని 1945 నాటి ఔషధ నిబంధనలే చెబుతున్నాయి. చీటీ స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో వైద్యుల ప్రవర్తనా నియమావళిని సవరించారు. మందు వాడే తీరును రోగికి వివరించే బాధ్యతను 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు ఫార్మసిస్టుపై ఉంచాయి. అయితే రద్దీ వేళ ఒక్కో చీటీకి మోతాదు టైపు చేసే తీరిక ఉండదన్నది దుకాణదారులు చెప్పగల మాట. అది కొట్టిపారేయదగింది కాదు. కానీ తరచూ వాడే సూచనలను తెలుగులో పూర్తి వాక్యాలుగా ఒకసారి సిద్ధం చేసుకుంటే, తర్వాత ఎంచుకోవడం క్షణాల పని. మోతాదు గడి ఖాళీగా ఉంటే బిల్లు ముందుకు కదలకుండా చేయవచ్చు. చీటీ అర్థం కాకపోతే ఊహించి నింపకుండా వైద్యుడికి ఫోన్ చేయాలి.

రోగులూ కౌంటరు వదిలే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఎంత? ఎప్పుడు? ఎన్నాళ్లు? జవాబును తెలుగులో రాయించుకోవాలి. చదువు రాని పెద్దలకు ఇంట్లోవారు చదివి వినిపించడానికైనా ఆ కాగితం ఉండాలి.