మాత్రలు ట్రంకుపెట్టెలో దాచం

మేం గుంతకల్లు చుట్టుపక్కల ఊళ్ల మాజీ జవాన్లం, ఇంకా కొలువులో ఉన్నవాళ్ల తల్లిదండ్రులం, భార్యలం. మా ఇళ్లలో బైపోలార్ జబ్బు ఉంది. జంక్షన్లో రైలు దిగిన జవాను ట్రంకుపెట్టె అడుగున ఇన్నాళ్లూ దాగిన మాట ఇది. ఇకమీదట పైకే చెబుతాం.

వరుసగా నాలుగు రాత్రులు నిద్రపోకుండా, అలుపే లేకుండా మాట్లాడుతూ, అప్పు చేసి సామాన్లు కొనేవాణ్ని చూసి హుషారనుకోం. ఆనక నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకుంటే సోమరి అనం. తెగిన నిద్ర ఈ జబ్బును రేపుతుంది. లీవులో వచ్చినవాడి నిద్ర కాపాడటమే ఇంటివాళ్ల మొదటి పని. పెళ్లిళ్లు, జాతరలు తర్వాత.

జబ్బు దాచి తుపాకీ పట్టడం మాకు సమ్మతం కాదు. సైన్యం ఆరోగ్యాన్ని అంచనా కట్టే ‘షేప్’ కేటగిరీలో మొదటి అక్షరం ‘ఎస్’ మనసుదే. ఎస్-1 నుంచి దించి, కొంతకాలం ఆయుధం పక్కన పెట్టమంటే పెడతాం. దాన్ని ఎగతాళి చేస్తే మాత్రం ఊరుకోం. మాలో ఒకరికి మెడికల్ బోర్డు ‘పుట్టుకతో వచ్చిన తత్వం’ అని ఒక్క ముక్క రాసి పెన్షన్ ఆపింది. చేరేనాటి కాగితాల్లో లేని జబ్బుతో ఇంటికి పంపితే, అది కొలువులోనే వచ్చిందని భావించాలని, కాదనే భారం ప్రభుత్వానిదేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బోర్డు కారణాలు రాయాలి. చేరేనాటి కాగితాలు, బోర్డు కాగితాలు మేమూ పారేయం.

ఈ జబ్బుకు వాడే లిథియం గురించి ప్రతి ఇంటా చెబుతాం. 1949లో ఈ మందు గుణం కనిపెట్టిన జాన్ కేడ్ కూడా సైన్యంలో పనిచేసిన డాక్టరే, చాంగీలో యుద్ధఖైదీగా ఉన్నవాడు. మన ఎండకు చెమట పట్టి ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో ఈ మందు పెరిగి విషమవుతుంది. చేతులు బాగా వణికినా, మాట ముద్దయినా, అడుగు తూలినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఒళ్లునొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా కొనివ్వకూడదు. రక్తపరీక్ష తప్పకూడదు. ట్యాంకరు నీళ్ల రోజుల్లోనూ ఈ మందు వాడేవాడి బిందె నిండాకే మిగతావి.

కసాపురం ఆంజనేయస్వామికి ముడుపు కడతాం, మాత్రలు మానం.

14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. సైన్యంవాళ్ల కోసం పూణేలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్ఎంసీలో 2023 డిసెంబర్‌లో దాని ప్రత్యేక విభాగం మొదలైంది. ‘చచ్చిపోవాలనుంది’ అన్నవాణ్ని ఆ రాత్రి ఒంటరిగా వదలం. ఏ ఊరైనా, ఎంత పొద్దుపోయినా, మాలో ఒకరం వెళ్లి పక్కన కూర్చుంటాం.