గేట్లెత్తే ముందు చెప్పాలి

కృష్ణమ్మ పొంగితే విజయవాడ భవానీపురానికి ముందు కబురు అందుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. పున్నమి ఘాట్ మెట్లు ఒక్కొక్కటే మునుగుతుంటే దిగువనున్నవాళ్లు బియ్యం మూట, పిల్లల పుస్తకాలు, ఆధార్ కార్డులు సర్దుకుని గట్టెక్కుతారు. 2024 సెప్టెంబరు మొదట్లో ఇదే నగరం మీద బుడమేరు వాగు చెప్పాపెట్టకుండా పడింది. సింగ్‌నగర్‌లో జనం నిద్ర లేచేసరికి మంచం కోళ్లు నీళ్లలో ఉన్నాయి. అటూ వరదే, ఇటూ వరదే. సర్దుకోవడానికి దొరికిన వ్యవధిలోనే ఉంది తేడా అంతా. ఉద్యోగాల కోతకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

విద్యుత్ కార్ల దిగ్గజం టెస్లాలో 2024 ఏప్రిల్‌లో జరిగింది బుడమేరు తరహా వ్యవహారం. ఆదివారం రాత్రి సిబ్బందికి ఒక ఈమెయిల్ వెళ్లింది. ప్రపంచవ్యాప్తంగా పది శాతానికి పైగా ఉద్యోగులను తీసేస్తున్నట్టు సంస్థ అధిపతి ఎలాన్ మస్క్ అందులో ప్రకటించారు. అంతకుముందు ఏడాది చివర సంస్థలో ఉన్నది 1,40,473 మంది. అంటే వేటు పడేది కనీసం 14 వేల మందిపై. ఎవరు ఉన్నారో, ఎవరు పోయారో తెలియని అయోమయంలో తెల్లారింది. కొద్ది రోజులకే ఇంకో ఈమెయిల్ వచ్చింది. కొందరికి ఇవ్వజూపిన పరిహారం పొరపాటున తక్కువగా లెక్కగట్టామని దాని సారాంశం. మనిషిని బయటికి పంపడంలో చూపిన వేగం, అతనికి రావలసిన పైకం లెక్కగట్టడంలో లేకపోయింది.

అసలు విడ్డూరం ఆ నెలాఖరున జరిగింది. టెస్లాకు పెట్టనికోటలాంటిది సూపర్‌చార్జర్ల వ్యవస్థ. ఫోర్డ్, జనరల్ మోటార్స్ వంటి ప్రత్యర్థులు సైతం తమ కార్లకు అదే ప్లగ్ వాడతామని 2023లో ముందుకొచ్చారు. ఆ వ్యవస్థను నిలబెట్టిన సుమారు 500 మంది బృందాన్ని, దాని అధిపతితో సహా, ఒక్క వేటుతో తీసేశారు. స్థలాల కోసం బేరాలు నడుపుతున్నవాళ్లు, కేబుళ్లు వేస్తున్న కాంట్రాక్టర్లు ఎవరికి ఫోన్ చేయాలో తెలియక నిలబడిపోయారు. పట్టుమని రెండు వారాలు గడవకముందే చార్జర్ల విస్తరణకు ఆ ఏడాది 50 కోట్ల డాలర్లకు పైగా వెచ్చిస్తామని మస్క్ ప్రకటించారు. పంపేసినవాళ్లలో కొందరిని మళ్లీ పిలిపించుకున్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. దీన్ని కఠిన నిర్ణయమనడానికి వీల్లేదు. తొందరపాటుకు సాహసం ముసుగు వేశారంతే.

ఇది ఒక్కనాటి తప్పిదం కాదు. కంపెనీని షేరుకు 420 డాలర్ల లెక్కన స్టాక్ మార్కెట్ నుంచి తప్పిస్తానని, అందుకు నిధులు ఖాయమయ్యాయని 2018 ఆగస్టులో మస్క్ చేసిన ట్వీటు, ఆయనకూ సంస్థకూ చెరి 2 కోట్ల డాలర్ల జరిమానా తెచ్చిపెట్టింది. ఛైర్మన్ పదవీ పోయింది. 2022 అక్టోబరు చివర్లో ట్విట్టర్‌ను చేజిక్కించుకున్న కొద్ది రోజులకే సగం మందిని సాగనంపి, ఆ తర్వాత కొందరిని బతిమాలి వెనక్కి పిలిచారు. 2024 ఏప్రిల్‌లో ప్రధాని మోదీని కలవడానికి ఢిల్లీ వస్తున్నానన్న మనిషి, టెస్లా పనుల ఒత్తిడంటూ ఆఖరి నిమిషంలో ఆగిపోయారు. వారం తిరిగేసరికి బీజింగ్‌లో విమానం దిగారు. అలాంటి అధిపతిని వద్దని వారించాల్సిన వాటాదారులు 2025 నవంబరులో లక్ష్యాలు చేరితే లక్ష కోట్ల డాలర్ల దాకా దక్కే ప్రతిఫలానికి పచ్చజెండా ఊపారు. లాభం వస్తే అది నాయకుడి దార్శనికత, నష్టం వస్తే పోయేది ఉద్యోగి జీతం!

వ్యాపారం తగ్గితే సిబ్బందిని తగ్గించుకోవద్దా అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. 2024 తొలి మూడు నెలల్లో టెస్లా అమ్మకాలు పడిపోయిన మాట నిజం. చైనా కంపెనీ బీవైడీ గట్టి పోటీ ఇస్తున్న మాటా నిజం. అలాంటప్పుడు కోత తప్పకపోవచ్చు. అయితే ఎవరిని, ఎందుకు, ఎప్పుడు, ఎంత పరిహారంతో అన్న లెక్క లేకుండా కోసేది కత్తి కాదు, గొడ్డలి. విద్యాధరపురంలో నాలుగు లారీలున్న ఓనరు క్లీనర్‌ను మానిపించాల్సివస్తే ట్రిప్పు పూర్తయ్యాక కూర్చోబెట్టి, లెక్క చూసి, రావలసిన బత్తా చేతిలో పెడతాడు. కాస్త మంచివాడైతే ఇంకో ఓనరుకు ఫోన్ చేసి చెబుతాడు. నాలుగు లారీల ఆసామికి ఉన్న మర్యాద లక్షల కోట్ల కంపెనీకి భారమవుతుందా?

అమెరికా గొడవ మనకెందుకనుకుంటే పొరపాటు. టెస్లా కార్ఖానాలున్న ఫ్రీమాంట్, ఆస్టిన్‌లు తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊళ్లు. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి దక్కేది గరిష్ఠంగా 60 రోజులు. అక్కడ బ్యాడ్జీ పనిచేయడం మానేస్తే ఇక్కడ భవానీపురం హౌసింగ్ బోర్డు కాలనీలో అపార్ట్‌మెంట్ కిస్తీ ఆగుతుంది. తండ్రి గుండె పరీక్ష వాయిదా పడుతుంది. సాయంత్రం ఘాట్ దగ్గర నడకకు వెళ్లే రిటైరైన ఉద్యోగి ‘మీవాడు ఎలా ఉన్నాడు?’ అన్న పలకరింపుకు భయపడి దారి మార్చుకుంటాడు.

రేపు ఆ కంపెనీలే మన గడప తొక్కవచ్చు. తెలంగాణ మంత్రిగా కేటీఆర్ 2022 జనవరిలో మస్క్‌ను బహిరంగంగా ఆహ్వానించారు. ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ 2024 అక్టోబరులో ఆస్టిన్ వెళ్లి టెస్లా ఆర్థిక విభాగాధిపతి వైభవ్ తనేజాను కలిశారు. మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు ఇప్పటికే నడుస్తోంది. పెట్టుబడులు రావాల్సిందే, డెల్టా కుర్రాళ్లకు ఊరి పక్కనే కొలువులు దొరకాల్సిందే. కానీ భూమి, నీరు, కరెంటు, పన్ను రాయితీలు ఇచ్చేది ప్రజలు. ఆ రాయితీ పత్రంలో ఉద్యోగి గురించి ఒక్క షరతైనా ఉండాలి కదా!

చట్టం చూస్తే పలచబడుతోంది. నెల నోటీసు, పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం అన్న నిబంధన 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న రక్షణ. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ దాన్ని ఉంచింది. కానీ తొలగింపునకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరయ్యే పరిమితిని మాత్రం 100 మంది కార్మికుల నుంచి 300కు పెంచింది. మేనేజర్లకు, కోడ్ నిర్దేశించిన వేతనం దాటిన సూపర్‌వైజర్లకు ఆ గొడుగే లేదు. కార్పొరేట్ల స్వర్గమని పేరుపడ్డ అమెరికాలో సైతం 100 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ పెద్ద ఎత్తున కోత పెడితే 60 రోజుల ముందు చెప్పాలని 1988 నాటి చట్టం శాసిస్తోంది. ఆస్టిన్‌లో 2,688 మందిని తీసేస్తున్నట్టు టెస్లా అధికారికంగా చెప్పుకోక తప్పలేదంటే ఆ చట్టం పుణ్యమే.

అందువల్ల రాష్ట్ర ప్రభుత్వం చేయాల్సిన పనులు స్పష్టం. రాయితీలు పొందే ప్రతి పరిశ్రమ ఒప్పందంలో 60 రోజుల నోటీసు షరతు చేర్చాలి. కాంట్రాక్టు కార్మికుడికీ అది వర్తించాలి. మాట తప్పితే రాయితీని వడ్డీతో వసూలు చేయాలి. సామూహిక తొలగింపుల వివరాలు కార్మిక శాఖ ఎప్పటికప్పుడు బయటపెట్టాలి. విదేశాల్లో ఉద్యోగం పోయినవారికి ఆ 60 రోజుల్లో న్యాయ సలహా అందించే బాధ్యతను ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్ఆర్‌టీ తీసుకోవాలి. ఇవేవీ పరిశ్రమను పారదోలే షరతులు కావు. నిజాయతీగా నడిచే యజమాని ఇప్పటికే పాటిస్తున్నవే.

గేట్లు ఎత్తే అధికారం ఇంజినీరుకు ఉంటుంది. అయినా సైరన్ మోగించకుండా ఎత్తితే అది నేరం. ఉద్యోగాల విషయంలోనూ చట్టం ఆ సంగతి అంత కచ్చితంగా చెప్పాలి.