కరుణ హక్కుగా మారినప్పుడే నమ్మకం

విశాఖపట్నంలోని మద్దిలపాలెం కూడలి తెల్లవారకముందే మేల్కొంటుంది. రహదారి పక్కన పారిశుద్ధ్య కార్మికులు చీపుళ్లు పట్టి పని మొదలుపెడతారు. రాష్ట్రంలో ఈ పని చేస్తున్నవారిలో ఎక్కువమంది దళితులే. ఆ కూడలికి కూతవేటు దూరంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. కరుణగల నాయకుడే సిబ్బంది విశ్వాసాన్ని గెలుస్తాడని మేనేజ్‌మెంట్ విద్యార్థులు ఇవాళ చదువుకుంటున్నారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే మన పనిచోట్లలో కులం లేనట్టు మాట్లాడినంతకాలం అది సగం సత్యంగానే మిగులుతుంది.

పై మెట్టు మీద నిలబడి కింది మెట్టువాడిని ఆప్యాయంగా పలకరించడానికి ఖర్చేమీ ఉండదు. మేస్త్రీ మంచివాడైతే సెలవు దొరుకుతుంది, కాకపోతే కూలి తెగుతుంది. అటువంటి చోట ఉండేది విశ్వాసం కాదు, దయ మీద బతికే భయం. మరి నిజమైన విశ్వాసం ఎలా పుడుతుంది? దానికి తెలుగు నేల మీదే ఒక ఉదాహరణ ఉంది.

ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖను నడిపారు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చాక దాన్ని ఆయన దస్త్రాల్లో దాచిపెట్టలేదు. పల్లెలకు వెళ్లి, వెట్టివారికి వారి విముక్తి గురించి స్వయంగా చెప్పారు. ఇది పాలకులకు రుచించలేదు. ఆ తరువాత ఆయన త్రిపురకు వెళ్లి, నృపేన్ చక్రవర్తి ప్రభుత్వంలో ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. ఆయన కరుణ మృదుభాషణతో ఆగలేదు. అధికారి చేతిలోని చట్టాన్ని, అది ఎవరి కోసం పుట్టిందో వారి చేతికే అందించింది.

దాని ఫలితం ఎంత దూరం వెళ్లిందో చూడండి. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలోని గుర్తేడు వద్ద పీపుల్స్‌వార్ దళం అపహరించిన అధికారుల్లో శంకరన్ ఒకరు. ఆయన చొరవతో ఏర్పడిన పౌర స్పందన వేదిక కృషి ఫలితంగా 2004లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చలు జరిగాయి. ఒకనాడు తనను బంధించిన పక్షమే ఆయన మధ్యవర్తిత్వాన్ని నమ్మింది. అప్పటికి ఆయన పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయింది. కుర్చీ పోయినా మిగిలేదే పలుకుబడి. 2005లో పద్మభూషణ్ ప్రకటిస్తే దానినీ ఆయన స్వీకరించలేదు.

పాకీపని నిర్మూలనకు బెజవాడ విల్సన్ నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్‌కు కూడా శంకరన్ అండగా నిలిచారు. విల్సన్ కోలార్ గనుల్లో పారిశుద్ధ్య పనివారి ఇంట పుట్టినవాడు. ఆ ఉద్యమంలో ముందు నడిచింది బాధితుల నుంచి వచ్చినవారు, పక్కన నడిచింది పెద్ద అధికారి. ఈ క్రమాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆ సంస్థ వేసిన వ్యాజ్యంలోనే 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, మురుగుకాలువల్లో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. 2023 అక్టోబరులో మరో తీర్పు దానిని 30 లక్షలకు పెంచింది. జాలి చూపితే అది దానమయ్యేది. పోరాడినందువల్ల హక్కు అయింది.

2023 డిసెంబరు చివర్లో రాష్ట్రమంతటా మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. వారు అడిగింది కనికరం కాదు, వేతనం, ఉద్యోగ భద్రత. సమ్మెను క్రమశిక్షణా రాహిత్యంగా చూసే అధికారి పండుగనాడు చీరలు పంచినా కార్మికుల మనసు గెలవలేడు. చేతి తొడుగులు, సకాలంలో జీతం, కులం పేరుతో దూషించినవారిపై చర్య, సంఘంతో సమాన స్థాయిలో చర్చ: నాయకుడి కరుణకు కొలమానాలు ఇవే.

రేపు కార్యాలయాల్లో కూర్చోబోయే విద్యార్థులు ఈ ఒక్క ప్రశ్న వేసుకోవాలి. నేను బదిలీ అయి వెళ్లిపోయిన మరునాడు, నా కింద పనిచేసినవారి చేతిలో ఏ హక్కు మిగులుతుంది? ఏమీ మిగలకపోతే, ఇన్నాళ్లూ చూపింది కరుణ కాదు, పెత్తనమే.