‘మందు పడలేదు’ అంటే సరిపోతుందా?

‘ఆ పిల్ల ఒంటికి మందు పడలేదు’ అంటాడు డాక్టరు. అత్తగారూ అదే మాట. తప్పంతా మళ్ళీ ఆడదాని ఒంటిదే!

మూర్ఛకిచ్చే కార్బమజెపిన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ చాలామందికి మేలే చేస్తాయి. బహు కొద్దిమందిలో మాత్రం, సాధారణంగా మొదలుపెట్టిన రెండు నెలల్లోపు, స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ తెచ్చిపెడతాయి. ముందు జ్వరం, కళ్ళమంట, నోట్లో పుండ్లు. ఆపైన మచ్చలు, బొబ్బలు. కాలినట్టు చర్మం ఊడివస్తుంది. ఒంటిమీద 30 శాతానికి మించి ఊడితే దాదాపు మూడోవంతు మంది బతకరు. అనుమానం రాగానే ఆస్పత్రికి వెళ్ళి ఆ మాత్ర ఆపించడమే అన్నిటికంటే ముఖ్యం.

ఆపించాలంటే ఆ మాత్ర వాడుతున్నట్టు ఎవరికైనా తెలియాలి కదా? మూర్ఛ ఉన్న ఆడపిల్లకి పెళ్ళి ఎలా చేస్తారో మనకు తెలియంది కాదు. దాచిపెట్టి చేస్తారు. హిందూ వివాహ చట్టమే 1999 దాకా మూర్ఛను పెళ్ళికి అనర్హతగా ఉంచింది. చట్టం మారింది గానీ పెళ్ళిచూపులు మారలేదు. కొత్తకోడలు మాత్రల్ని చీరల మడతల్లో దాచుకుని మింగుతుంది. బొబ్బలొస్తే అమ్మవారు పోసిందని వేపమండలు కడతారు. ఆమె నోరు విప్పదు, మాత్ర మానదు. ప్రాణం తీసేది ఇక్కడ మాత్ర ఒక్కటేనా?

బతికి బయటపడ్డవాళ్ళ కళ్ళ గురించి వైద్యులు పట్టించుకుంటున్నారు, మంచిదే. యోని లోపలి పొర కూడా అలాగే పుండుపడి, మానేటప్పుడు అతుక్కుపోతుంది. ఆస్పత్రిలో ఉన్నప్పుడే స్త్రీల వైద్యురాలు చూస్తే చాలావరకు తగ్గించగల నష్టమిది. చెప్పడానికి ఆమెకు సిగ్గు, అడగడానికి వాళ్ళకు తీరిక లేదు. తర్వాత కాపురంలో నొప్పి అంటే, ‘మొగుణ్ణి దగ్గరకి రానివ్వదు’ అని పంచాయితీ.

హెచ్ఎల్ఎ-బి 1502 అనే జన్యురకం ఉన్నవాళ్ళకు కార్బమజెపిన్‌తో ముప్పు ఎక్కువని తైవాన్ పరిశోధకులు 2004లోనే చూపించారు. ఆసియా మూలాలున్నవారికి ముందే పరీక్ష చెయ్యమని 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. మన దగ్గర పరీక్ష మాట దేవుడెరుగు, ‘దద్దుర్లొస్తే వెంటనే రా’ అని చీటీ మీద తెలుగులో ఒక్క ముక్క రాసేవాళ్ళెందరు?

2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి రోగి తానే ఫిర్యాదు చెయ్యవచ్చు. ఉచిత ఫోను 1800-180-3024. గృహహింస కేసులకు కాగితాలు నింపడం నేర్చుకున్నవాళ్ళం, ఈ కాగితం నింపలేమా? ఏ మందు వికటించిందో రాసిన కార్డు డిశ్చార్జి రోజున అడిగి తీసుకోవాలి. అది ఆమె చేతికే ఇవ్వాలి, భర్త చేతికి కాదు.