ఉప్పు తిన్న బండిని నమ్మి ఎక్కకండి

చాలా రోజులకు రాస్తున్నాం. పోస్టు కొంచెం పెద్దదే, కానీ చలి మొదలయ్యింది కాబట్టి ఇప్పుడే చెప్పాలి. మిషిగన్, ఒహాయో, ఇల్లినాయ్, న్యూయార్క్, అటు కెనడాలో పాత ట్రక్కులు ఎక్కి పనికి పోయేవాళ్లు ఆఖరు దాకా చదవండి.

పోయిన ఫిబ్రవరిలో సైటుకు పోతుంటే మా పికప్ బ్రేకు పోయింది. బండిలో ఐదుగురం ఉన్నాం. 2004 మోడల్ బండి, వెనక ట్రైలర్ మీద స్కాఫోల్డింగ్ సామాను. హైవే దిగి, ర్యాంపు చివర సిగ్నల్ దగ్గర మా డ్రైవర్ తమ్ముడు బ్రేకు తొక్కాడు. కింద ఏదో టప్‌మని పగిలినట్టు శబ్దం. పెడల్ నేలకు అంటుకుపోయింది. ముందు చక్రాలకు కొంచెం బ్రేకు మిగిలింది కానీ అది ఆ బరువుకు ఏం చాలుతుంది? మంచు రోడ్డని ట్రైలర్ బ్రేకు తక్కువలో పెట్టి ఉంది. పార్కింగ్ బ్రేకు తొక్కితే దాని కేబుల్ తుప్పుకు బిగుసుకుపోయి ఉంది. తమ్ముడు ట్రైలర్ బ్రేకు లివరును చేత్తో గట్టిగా నొక్కి, బండిని పక్కనున్న మంచు కుప్పలోకి ఎక్కించాడు. అట్లా ఆగింది. ఒకరికి నుదుటి మీద కుట్లు పడ్డాయి, ఇంకొకరి మోచెయ్యి వాచింది. అడ్డంగా ఎవరి బండీ రాలేదు కాబట్టి ఈ పోస్టు రాయగలుగుతున్నాం.

ఆఫీసు నుంచి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా? "వాడు స్పీడుగా తోలాడా?"

తమ్ముడు స్పీడుగా తోలలేదు. వెనక చక్రాలకు పోయే బ్రేకు పైపు తుప్పు పట్టి పగిలింది. దాచకుండా ఇంకో మాట చెప్తాం. ఆ పొద్దున చెక్ షీటులో "బ్రేకులు" అన్న గడిలో టిక్ పెట్టింది సూపర్‌వైజర్లమైన మేమే. ఎవరం కిందికి వంగి చూడలేదు. చలికి హీటర్ ముందు కూర్చుని, నిన్నటి లాగే ఈరోజు కూడా అని గడులన్నీ నింపేశాం. తమ్ముడి మీద మాట పడ్డప్పుడు ఆ టిక్కే మా గొంతులో అడ్డం పడింది.

ఇక్కడ మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ ఊరి కిందనే సుమారు 1,100 అడుగుల లోతులో ఉప్పు గని ఉంది, ఆ రాతి ఉప్పు రోడ్లకు పోతుంది. చలి మరీ ముదిరితే మామూలు ఉప్పు సరిగా పనిచేయదని కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ నీళ్లు కూడా కొడతారు. అవి గాలిలో తేమను పీల్చుకుని తడితడిగానే ఉంటాయి, ఒక పట్టాన ఆరవు. ఆ తడి బండి కింద ఫ్రేము పక్కన, బ్రేకు పైపుల క్లిప్పుల వెనక, ఇరుసు పైన మట్టితో కలిసి అట్ట కడుతుంది. పైపు ఇనుముదే. పైనున్న పూత పోయాక కొంచెం కొంచెం తినుకుంటూ పోతుంది. చలికాలం అయిపోతే పీడ పోయిందనుకుంటాం కానీ, కడగకుండా వదిలేస్తే ఎండాకాలం వేడికి తుప్పు ఇంకా తొందరగా పాకుతుంది.

మాలో కొందరం ముందు గల్ఫ్‌లో చేసి వచ్చాం. అక్కడ ఎండకు, ఇసుకకు బండి పైనే పాడయ్యేది, కంటికి కనిపించేది. ఇక్కడ పైన తళతళలాడుతుంది, కింద ప్రాణం తీసేది ఉంటుంది.

మరి ఎవరూ చూడరా అంటే, మిషిగన్‌లో సొంత బండ్లకు ఏటేటా సేఫ్టీ తనిఖీ లేదు. 10,001 పౌండ్లు, అంతకు మించిన కమర్షియల్ బండ్లకు ఫెడరల్ రూలు ప్రకారం ఏడాదికోసారి ఉంది, కానీ ఉప్పు ఏడాది దాకా ఆగదు కదా. 1999 నుంచి 2003 మోడల్ పికప్‌లు, ఎస్‌యూవీల బ్రేకు పైపుల మీద ఫిర్యాదులు వస్తే, ఇక్కడి హైవే సేఫ్టీ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ ఏళ్ల తరబడి విచారణ చేసింది. 2015లో ఏం తేల్చిందంటే, ఇది ఉప్పు వల్ల, వయసు వల్ల వచ్చే అరుగుదల, తయారీ లోపం కాదు అని. రీకాల్ లేదు. కింద కడుక్కోండి, చూపించుకోండి, తుప్పు ఉంటే మార్చుకోండి అని సలహా ఇచ్చింది. అంటే మన ప్రాణం మనమే చూసుకోవాలి.

మా అభిప్రాయం సూటిగా చెప్తాం. పాత బండి తప్పు కాదు. చూడకుండా ఎక్కించడం తప్పు. చూడకుండా సంతకం పెట్టడం ఇంకా పెద్ద తప్పు. సైటు లోపల తిరిగే బండ్ల బ్రేకులు ప్రతి షిఫ్టు మొదట్లో చూడాలని ఓషా రూలే ఉంది. ఆ పది నిమిషాలు కూడా పని గంటలే, దానికి జీతం లెక్క కట్టాలి. పొద్దున్నే పంపే తొందరలో ఆ పది నిమిషాలు మింగేసే వాళ్లలో మా లాంటి సూపర్‌వైజర్లు కూడా ఉన్నారు, ఒప్పుకుంటున్నాం.

మనవాళ్లు అనే మాట ఒకటుంది, "కంపెనీ ఉప్పు తింటున్నాం, ఎదురు మాట్లాడొద్దు" అని. అన్నా, మనం తిన్న ఉప్పుకు రోజూ చెమటోడుస్తున్నాం, బాకీ లేదు. పని పోతుందనే భయం మాకు తెలియనిది కాదు, మాకూ ఇంటి కిస్తీలు ఉన్నాయి. ప్రమాదమైన కమర్షియల్ బండి తోలనన్న డ్రైవర్‌ను శిక్షిస్తే, 180 రోజుల లోపల ఓషాకు ఫిర్యాదు చేసుకునే చట్టం ఉంది. కానీ చట్టం నడిచేదాకా ఇంటి అద్దె ఆగదు. అందుకే ఒక్కరే పోయి గొడవ పడకండి. తుప్పు ఫోటో తీయండి, ఇద్దరు ముగ్గురు కలిసి అడగండి, మెసేజ్‌లో రాసి పెట్టండి. నోటిమాటను కాదనగలరు, ఫోటోను కాదనలేరు.

ఏం చూడాలో మా మెకానిక్ అన్న నేర్పింది చెప్తాం.

రాత్రి నిలిపిన బండి డిస్కుల మీద పొద్దున సన్నటి ఎర్ర తుప్పు ఉంటే భయం లేదు, నాలుగుసార్లు బ్రేకు తొక్కితే పోతుంది. భయపడాల్సింది పైపుల తుప్పుకు. టార్చి వేసి ఫ్రేము పొడుగునా చూడండి. పొరలు లేచినా, పైపు ఉబ్బినట్టున్నా, తడి కనిపించినా ఆ బండి కదలకూడదు.

ఇంజిన్ ఆన్‌లో ఉంచి పెడల్ గట్టిగా తొక్కి అర నిమిషం పట్టుకోండి. మెల్లగా కిందికి దిగుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. బ్రేకు ఆయిలు తగ్గితే పోసి ఊరుకోకండి, ఎందుకు తగ్గిందో అడగండి.

నాలుగు చక్రాల్లో ఒక్కటే కాలిపోతుంటే అక్కడ క్యాలిపర్ తుప్పుకు పట్టేసి ఉండొచ్చు. పెద్ద ట్రక్కుల డ్రమ్ముల్లో లైనింగ్ కింద తుప్పు పెరిగి లైనింగ్‌నే పైకి లేపి పగలగొడుతుంది. దాన్ని చక్రం విప్పి తెలిసినవాడే చూడాలి.

పైపు పగిలితే ఆ ముక్క కోసి కంప్రెషన్ జాయింటుతో అతికిస్తామంటే ఒప్పుకోకండి, బ్రేకు ఒత్తిడికి అది నిలవదు. మొత్తం పైపు మార్పించండి. రాగి-నికెల్ పైపు వేయిస్తే ఉప్పుకు త్వరగా లొంగదు.

చలి కాస్త తగ్గిన రోజు చూసి కింది భాగం కడిగించండి. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు కదా, బండికీ అంతే. చవకగా వచ్చిందని కొనే పాత ట్రక్కుకు కింద కొత్త నల్ల రంగు వేసి ఉంటే, ఆ రంగు కింద ఏముందో ముందు చూపించుకోండి.

మా క్రూలో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. కింద పడుకుని చూసినవాడే టిక్ పెడతాడు, పక్కన తన పేరు రాస్తాడు. నెల కాకముందే ఇంకో బండిలో కారుతున్న పైపు దొరికింది. ఆ రోజు పని రెండు గంటలు లేటయ్యింది. ఆఫీసులో నాలుగు మాటలు పడ్డాం, పడితే పడ్డాం. సాయంత్రం అందరం ఇళ్లకు ఫోన్ చేసుకున్నాం.

మీ దగ్గర ఎట్లా ఉందో కింద రాయండి. రేపు పొద్దున బండి ఎక్కే ముందు ఒక్కసారి కిందికి వంగండి.