పాల ధర కొట్టంలోనే పుట్టాలి
మేడ్చల్, శామీర్‌పేట, జీడిమెట్ల ప్రాంత పాడి రైతుల ప్రణాళిక

మేం పాలు పోసేవాళ్లం. జీడిమెట్ల, దూలపల్లి, గుండ్లపోచంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట వైపు ఊళ్లలో రెండు బర్రెల నుంచి ఇరవై బర్రెల దాకా మేపుకుంటూ హైదరాబాద్‌కు పాలు అందిస్తున్న కుటుంబాలం. మాలో కొందరు సహకార డెయిరీ కేంద్రంలో పోస్తారు. కొందరు ప్రైవేటు డెయిరీకి పోస్తారు. కొందరు తెల్లారకముందే బండికి క్యాన్లు కట్టుకొని కొంపల్లి, సుచిత్ర, కుత్బుల్లాపూర్ ఇళ్లకు వాడుక పాలు వేస్తారు. ఎవరికి పోసినా మా అందరి బాధ ఒక్కటే. మా సరుకుకు ధర మేం చెప్పం, ఎదుటివాళ్లే మాకు చెబుతారు.

ఇప్పుడు పాల ధర ప్యాకెట్ దగ్గర మొదలై వెనక్కి నడుస్తోంది. అమ్మే ధరలోంచి కమీషన్, ప్యాకింగ్, రవాణా, చల్లబరిచే ఖర్చు, ప్రకటనలు, లాభం వరుసగా తీసేస్తారు. చివరికి మిగిలింది రైతు చేతికి వస్తుంది. ఈ వరుస తిరగబడాలి. లెక్క పశువుల కొట్టంలో మొదలై ప్యాకెట్ దాకా వెళ్లాలి, ఆ లెక్క అందరికీ కనిపించాలి. ఈ ప్రణాళికలో ఉన్న ప్రతి మాటా ఈ ఒక్క విషయం కోసమే.

మేమున్న నేల

ఒకప్పుడు ఈ వైపు ద్రాక్ష తోటలకు పేరు. తోటల గట్లమీద గడ్డి, చెరువు శిఖంలో మేత, కోత అయ్యాక చేలల్లో చొప్ప దొరికేవి. జీడిమెట్లలో పారిశ్రామికవాడ వచ్చింది. శామీర్‌పేట పక్కన జీనోమ్ వ్యాలీ వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు కూడా వచ్చింది. 2016 అక్టోబర్ 11న రంగారెడ్డి నుంచి విడిపోయి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడేసరికే చేలు చాలావరకు ప్లాట్లయ్యాయి. నిజాం కాలంలో, 1897లో కట్టిన ఫాక్స్‌సాగర్ చెరువు చుట్టూ ఇళ్లు, ఫ్యాక్టరీలు కమ్ముకున్నాయి. పశువును దింపడానికి భయపడే నీళ్లయ్యాయి అవి.

అభివృద్ధికి మేం అడ్డం కాదు. మా పిల్లలకూ ఆ ఫ్యాక్టరీల్లోనే ఉద్యోగాలొచ్చాయి. కానీ దాని ఖర్చు మా మీద ఎలా పడిందో చెప్పక తప్పదు. నగరం దగ్గరికొచ్చిన కొద్దీ పాలకు గిరాకీ పెరిగింది, గడ్డి మాత్రం దూరమైంది. ఇవాళ మేం పచ్చిగడ్డి కట్టలు కొంటున్నాం. ఇదే జిల్లాలో పీర్జాదిగూడ వైపు మూసీ నీటితో పెరిగే పారా గడ్డి మీద నగరంలోని ఎన్నో బర్రెల కొట్టాలు బతుకుతున్నాయి. మురుగు పారే నీటితో పెంచిన గడ్డి తప్ప వేరే దారి లేని స్థితికి పాడిని తెచ్చింది మేం కాదు.

లెక్క ఎక్కడ తప్పుతోంది

పశువైద్యులు చెప్పే మేపు లెక్క ఇది. పాలిచ్చే బర్రెకు రోజుకు 20 నుంచి 25 కిలోల పచ్చిగడ్డి, 5, 6 కిలోల వరిగడ్డి లేదా చొప్ప, ఒంటి పోషణకు కిలో నుంచి కిలోన్నర దాణా పెట్టాలి. దాని మీద ప్రతి రెండు లీటర్ల పాలకు మరో కిలో దాణా. పొలమున్న రైతుకు గడ్డి ఇంటిదే. మాకు గడ్డి, చొప్ప, తవుడు, పత్తి చెక్క అన్నీ కొనుగోలే.

పైగా బర్రె ఏడాది పొడుగునా పాలివ్వదు. చూడి కాలమే పది నెలలు దాటుతుంది. ఈతకూ ఈతకూ మధ్య పదిహేను నెలలు పట్టే బర్రె పది నెలలు పాలిచ్చిందనుకుందాం. రోజుకు 8 లీటర్ల చొప్పున ఇచ్చిన పాలను ఆ పదిహేను నెలలకూ పంచితే రోజుకు 5.3 లీటర్లే. వట్టిపోయిన ఐదు నెలలూ దాని ముందు మేత వేయాలి, కొట్టం కడగాలి, అప్పుకు వడ్డీ కట్టాలి. దూడకు పాలు వదలాలి. పొదుగువాపు వస్తే మందులు కొనాలి, ఆ రోజుల పాలు పారబోయాలి. ఇంటి ఆడవాళ్లు పొద్దున నాలుగింటికి లేచి చేసే పనికి కూలి కట్టాలి. ధర వేసేవాళ్ల కాగితంలో వీటిలో చాలావాటికి గడే లేదు.

కేంద్ర ప్రభుత్వం 22 పంటలకు కనీస మద్దతు ధర ప్రకటిస్తుంది. పాలకు ప్రకటించదు. వడ్లకు ధర రాకపోతే నాలుగు రోజులు ఆగొచ్చు. పాలు గంటల్లో విరిగిపోతాయి. ఆగలేని సరుకుకే రక్షణ లేకపోవడం మా మొదటి ఫిర్యాదు.

వెన్న లెక్క

కేంద్రంలో మా పాలకు ధర కట్టేది వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) చూసి. ఈ పద్ధతిని మేం సమర్థిస్తాం. చిక్కటి పాలకూ నీళ్లపాలకూ ఒకే ధర ఇవ్వడం అన్యాయం. మా అభ్యంతరమల్లా మా కళ్లకు కనబడని కొలత మీదే. రోజుకు 10 లీటర్లు పోసే ఇంట్లో 6.5 శాతం వెన్నను 6 అని రాస్తే దాదాపు 51 గ్రాముల వెన్న పోయినట్టే. కిలో వెన్నకు 800 రూపాయల చొప్పున కట్టే చోట అది రోజుకు 41 రూపాయలు, నెలకు 1,200 పైమాట. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. ధర లీటరుకా, కిలోకా అన్నది రాసిపెట్టకపోతే వంద రూపాయలకు మూడు రూపాయల తేడా ఎటో పోతుంది.

ఇక ప్యాకెట్ సంగతి. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం టోన్డ్ పాలలో వెన్న 3 శాతం ఉండాలి. డబుల్ టోన్డ్‌లో 1.5, స్టాండర్డైజ్డ్‌లో 4.5, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. బర్రె పాలలో 6, 7 శాతం సాధారణం. అందులోంచి తీసిన వెన్న నెయ్యిగా, ఐస్‌క్రీమ్‌గా వేరే ధరకు అమ్ముడవుతుంది. ఇది చట్టానికి లోబడిన వ్యాపారమే, మేం తప్పుపట్టం. కానీ ధర పెంచమన్నప్పుడు టోన్డ్ ప్యాకెట్ ధర ఒక్కటే చూపించి 'ఇంతకు మించి గిట్టదు' అనడాన్ని ఒప్పుకోం. లెక్క చూపిస్తే మొత్తం పాలది చూపించాలి, వెన్నతో సహా.

చలికాలంలో ఈతలు ఎక్కువై పాలు పెరగగానే సేకరణ ధర పడుతుంది. ఎండాకాలంలో పాలు తగ్గి వినియోగదారుడి ధర పెరుగుతుంది. పాలు పొంగినప్పుడు నష్టం మాకొస్తుంది, ఎండినప్పుడు లాభం మాత్రం మా దాకా రాదు. పాలపొడి ధర పడితే ఆవు పాల ధర కూడా దానితో పడుతుంది.

మాకు దారి చూపినవి

1946లో గుజరాత్‌లోని ఆనంద్ రైతులు మధ్యవర్తుల ధరకు పాలు పోయం అని నిలబడ్డారు, సొంత సంఘం పెట్టుకున్నారు. దాని పేరు అమూల్ అయింది. మన రాష్ట్రంలోనే భీమదేవరపల్లి మండలం ములుకనూరులో మహిళలు 'స్వకృషి' పేరుతో సొంత డెయిరీ నడుపుతున్నారు. 2002 నుంచి అక్కడ సభ్యులూ యజమానులూ ఆడవాళ్లే. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఇలాంటి సంఘాలకు ప్రభుత్వ పెత్తనం లేకుండా నడిచే వీలిచ్చింది. ఆ చట్టం మాకూ ఉంది.

తెలంగాణ ప్రభుత్వం 2014లో విజయ డెయిరీకి పాలు పోసేవారికి లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది, తర్వాత దాన్ని ఇతర సహకార డెయిరీలకూ విస్తరించింది. అది మంచి పని. అయితే ప్రోత్సాహకం ధరకు బదులు కాదు. ధర సరిగ్గా ఉన్నచోట అది లాభం, లేనిచోట నష్టానికి కట్టే మాసిక.

కెనడాలో 1966 నుంచి ఉన్న డెయిరీ కమిషన్ రైతుల ఉత్పత్తి ఖర్చును ఏటా సర్వే చేయించి, దాన్నీ లెక్కలోకి తీసుకుని ధర నిర్ణయిస్తుంది. అక్కడ ఉత్పత్తికి కోటాలు, దిగుమతులకు అడ్డుకట్టలు ఉన్నాయి. ఆ ఏర్పాటు యథాతథంగా మనకు పనికిరాదు. కానీ ఖర్చును కొలవడం సాధ్యమేనని అది రుజువు చేసింది.

మా సూత్రాలు

1. ధరకు ఆధారం ఖర్చే. మేపు, మందులు, వడ్డీ, ఇంటివాళ్ల కూలి, వట్టిపోయిన నెలల పోషణ కలిపి వేసిన ఖర్చు కంటే తక్కువ ధరను న్యాయమైన ధరగా గుర్తించం.

2. కొలత రైతు కళ్ల ముందే జరగాలి. వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్, తూకం ప్రతి పూటా అచ్చు చీటీ మీద రావాలి. అనుమానం వస్తే అదే పాలను రెండోసారి పరీక్షించమని అడగడం రైతు హక్కు.

3. రేటు పట్టిక గోడమీద ఉండాలి. తగ్గించాలనుకుంటే పదిహేను రోజుల ముందు చెప్పాలి. పోసిన పాలకు వెనక్కి తిరిగి కోత పెట్టడాన్ని అంగీకరించం.

4. ఒకే నాణ్యత ఉన్న పాలకు ఒకే ధర. రెండు లీటర్లు పోసే అవ్వకూ, రెండు వందల లీటర్లు పోసే ఆసామికీ తేడా ఉండకూడదు.

5. డబ్బు పది రోజులకోసారి, పాలు పిండేవారి ఖాతాలో పడాలి. చాలా ఇళ్లలో ఆ చేయి ఆడమనిషిది. సభ్యత్వం, పాసుపుస్తకం, ఓటు ఆమె పేరు మీదే ఉండాలి.

6. మిగులు ఎవరి పాల నుంచి వచ్చిందో వారికే బోనస్‌గా తిరిగి చేరాలి.

మా బాధ్యతలు

హక్కులు అడిగేవాళ్లం బాధ్యతల నుంచి తప్పించుకోం. పాలలో నీళ్లు కలపం, యూరియా, డిటర్జెంట్ లాంటివి దగ్గరికే రానివ్వం. పాలు చేపడానికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ వాడం. మందు వేసిన పశువు పాలను డాక్టర్ చెప్పినన్ని రోజులు విడిగా ఉంచుతాం. బూజు పట్టిన చెక్క, దాణా పెడితే అఫ్లాటాక్సిన్ విషం పాలలోకి దిగుతుందని తెలుసు, అలాంటి మేపు పెట్టం. దూడ కడుపు మాడ్చం. గాలికుంటు టీకాను దాటవేయం. కొట్టం పేడను కాలువల్లోకి వదలకుండా ఎరువుగా, బయోగ్యాస్‌గా మారుస్తాం. మాలో ఎవరైనా ఈ మాట తప్పితే వారి పాలను మా సంఘమే తిరస్కరిస్తుంది.

మా కోర్కెలు

రాష్ట్ర ప్రభుత్వం ఆరు నెలలకోసారి జిల్లావారీగా పాల ఉత్పత్తి ఖర్చును లెక్కించి ప్రకటించాలి. పశువైద్య విశ్వవిద్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది, ఆ పని దానికి అప్పగించాలి. ప్రకటించిన ఖర్చు కంటే తక్కువ ధరకు సేకరణ జరగకుండా చట్టం తేవాలి. ప్రోత్సాహకం ఇస్తే ఏ డెయిరీకి పోసినా రైతు ఖాతాలోకే, బకాయి లేకుండా ఇవ్వాలి.

తూనికలు, కొలతల శాఖ పాల కేంద్రాల తక్కెడలతో పాటు వెన్న పరీక్ష యంత్రాలనూ ఏటా తనిఖీ చేయాలి. హెచ్‌ఎండీఏ పరిధిలో మిగిలి ఉన్న బంచరాయి, శిఖం భూముల్లో కొంత భాగాన్ని గడ్డి పెంపకానికి పాడి సంఘాలకు కౌలుకివ్వాలి. ఫాక్స్‌సాగర్‌లోకి పరిశ్రమల, ఇళ్ల మురుగు చేరకుండా ఆపాలి. 2019 నుంచి పాడికీ వర్తిస్తున్న కిసాన్ క్రెడిట్ కార్డును పొలం లేదన్న కారణంతో బ్యాంకులు నిరాకరించకూడదు. 1962 నంబర్‌కు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు మా వైపు రాత్రిపూట కూడా అందుబాటులో ఉండాలి.

డెయిరీలను మేం కోరేది ఒక్కటే. ప్యాకెట్ మీద ధర ముద్రిస్తున్నారు. దాని పక్కనే ఆ లీటరుకు రైతుకు ఎంత చెల్లించారో కూడా ముద్రించండి.

పాలు తాగేవారికి, పాలు పోసేవారికి

హైదరాబాద్ అక్కలారా, అన్నలారా! పాల ధర పెరిగినప్పుడల్లా మీ కోపం మా వైపు తిరుగుతుంది. ఆ పెంపులో మా వాటా ఎంతో మీకు ఎవరూ చెప్పలేదు. ఇకపై మీరే అడగండి. ప్యాకెట్ కొనేచోట, డెయిరీ వారి ఫోన్ నంబర్‌కు, మీ ప్రజాప్రతినిధికి ఒకే ప్రశ్న వేయండి: ఇందులో రైతుకు ఎంత? మా పాలు నమ్మకంగా ఇచ్చే పూచీ మాది, ఆ లెక్క అడిగే పని మీది.

తోటి పాడి రైతులారా! ఒంటరిగా వెళ్లి అడిగితే 'ఇష్టముంటే పోయి, లేకుంటే లేదు' అంటారు. వంద క్యాన్లు ఒకే మాట మీద నిలబడిన రోజున ఆ జవాబు మారుతుంది. ఊరికో సంఘం పెట్టుకోండి. ప్రతి సంఘం ఒక పరీక్ష యంత్రాన్ని కొనుక్కోవాలి. ఈ ఏడాది నుంచే ప్రతి ఇంట్లో మేపు ఖర్చు, పాల లెక్క ఒక నోటుపుస్తకంలో రాయండి. మన ధరను మనం అడగాలంటే ముందు మన లెక్క మన దగ్గరుండాలి.