నాతానులా మాట్లాడిన రాయబారి

2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం, మనం రష్యా నుంచి చమురు కొంటున్నామన్న కోపంతో వేసిన భారమే. మన రొయ్యలను ఎక్కువగా కొనేది అమెరికాయే. ధర పడితే కైకలూరు, భీమవరం చెరువుల మీద రైతు పట్టుబడి వాయిదా వేస్తాడు. సరుకు కదలకపోతే లారీ నిలుస్తుంది. లారీ తిరగకపోతే విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌కూ వెల్డర్‌కూ పని తగ్గుతుంది. రాజధానుల్లో మాట చెడితే కూలి పోయేది ఇక్కడ.

అమెరికా, రష్యాల మధ్య మన దేశం నడవడం కొత్త కాదు. 1949లో ఆ బాధ్యతతో మాస్కో వెళ్లినవారు తెలుగువారైన సర్వేపల్లి రాధాకృష్ణన్, అంతకుముందు ఆంధ్ర విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్‌గా పనిచేసినవారు. ఆయనకు ముందున్న రాయబారి విజయలక్ష్మీ పండిట్‌కు స్టాలిన్ దర్శనమే దొరకలేదు. 1950 జనవరిలో రాధాకృష్ణన్‌కు దొరికింది. యుద్ధంలో గెలిచిన అశోక చక్రవర్తి రక్తపాతాన్ని విడిచిపెట్టాడనీ, మీకూ అలా జరగవచ్చేమో ఎవరికి తెలుసనీ ఆయన అన్నారని జీవితచరిత్రలు చెబుతున్నాయి. అద్భుతాలు జరుగుతుంటాయి, నేనూ అయిదేళ్లు సెమినరీలో ఉన్నవాడినే అని స్టాలిన్ బదులిచ్చాడట. స్టాలిన్ మారలేదు. కానీ 1952 ఏప్రిల్‌లో, రాధాకృష్ణన్ తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ కలిశాడు. అవమానించకుండా చెప్పిన సత్యం తలుపును మూయలేదు.

నాతాను ప్రవక్త కూడా దావీదు రాజుకు ముందు కథ చెప్పాడు, తరువాతే తప్పు చూపాడు. నేటి నాయకులు సోషల్ మీడియాలో ముందు నింద వేసి, తరువాత చర్చలకు కూర్చుంటున్నారు.

ఇందులో సంఘానికీ ఒక హెచ్చరిక ఉంది. రాధాకృష్ణన్ తిరుపతి లూథరన్ మిషన్ స్కూల్లో, వేలూరు వూర్హీస్ కాలేజీలో, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు. మిషనరీలు హిందూ మతాన్ని విమర్శించిన తీరు తనను నొప్పించిందనీ, తన మతాన్ని లోతుగా చదవడానికి అదే కారణమైందనీ ఆయన రాసుకున్నారు. మన బడులు ఇచ్చిన చదువుతో పాటు మన కరుకు మాట కూడా ఆయనకు జీవితాంతం గుర్తుంది.

రాజుల కొరకు, అధికారుల కొరకు ప్రార్థించమని పౌలు తిమోతికి రాశాడు. ఈ ఆదివారం ఆ ప్రార్థనలో మన రాయబారులను, సుంకాల చర్చల్లో కూర్చునే అధికారులను చేర్చుదాం. సోమవారం పక్క షెడ్డులోని అన్యమత సోదరుడితో మాట్లాడేటప్పుడు మన నోటినీ కాచుకుందాం.